లూదన్ మఠం: చరిత్ర నుండి చలనచిత్రానికి

భయానక చలనచిత్రాలలో సన్యాసినుల మఠానికి ఒక ప్రత్యేక స్థానం కలదు. జనావాసాలకు దూరంగా ఒక ఒంటరి కట్టడం, ఎత్తయిన గోడలు, మౌనవ్రతం, ఆ మౌనం వెనుక ఏదో ఒక దుష్టశక్తి: ఈ రూపకల్పన అనేక దేశాల సినిమాలలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వాటిలో చాలా భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. కళాఖండంగా నిలిచిన కొద్ది చిత్రాలలో పోలండు దర్శకుడు యెజీ కవలెరోవిచ్ 1961లో రూపొందించిన ‘దేవదూతల మాత యొవన్నా’ ముఖ్యమైనది. ఆ సంవత్సరం కాన్ చలనచిత్రోత్సవంలో న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి పొందినప్పటికీ, ఆ చిత్రం చలనచిత్ర సంఘాల పరిధిని దాటి సామాన్య ప్రేక్షకులకు అంతగా చేరలేదు. అయితే అందులోని కథ కేవల కల్పన కాదు. దానికి మూలం 17వ శతాబ్దపు ఫ్రాన్సులో జరిగిన ఒక విచారణ. చిత్రంలో నిర్జన ప్రదేశంలో నిలిచిన ఆ మఠం వాస్తవానికి ఒక పట్టణం నడుమ ఉండేది. ఈ స్థానభేదం చిన్నదిగా తోచినా, చరిత్రకూ కళకూ గల సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి అదే కీలకం.

పట్టణం, కోట, మంత్రి

లూదన్ పశ్చిమ ఫ్రాన్సులో పొయితూ ప్రాంతపు పట్టణం. మతయుద్ధాల అనంతరం 1598లో వెలువడిన నాంత్ రాజశాసనం ప్రొటెస్టెంట్లకు కొన్ని రక్షణలు కల్పించింది. వారు బలంగా ఉన్న పట్టణాలలో లూదన్ ఒకటి. 1620ల నాటికి రాజ్యవ్యవస్థను కేంద్రీకరించే ప్రయత్నం ఊపందుకున్నది. పదమూడవ లూయీ రాజు మంత్రి కార్డినల్ రిషల్యూ, తిరుగుబాటుకు ఆశ్రయం కాగల కోటలను పడగొట్టించడం ఒక విధానంగా చేపట్టాడు. లూదన్ కోట కూడా ఆ జాబితాలో చేరింది. ఆ పట్టణానికి సమీపంలోనే రిషల్యూ తన పేరిట ఒక కొత్త పట్టణాన్ని నిర్మింపజేస్తున్నాడన్న విషయం ఇక్కడ గమనార్హం. కోటను నిలుపుకోవాలని కోరినవారిలో గవర్నరు జాన్ దార్మన్యాక్, ఆయన మిత్రుడైన విచారణ గురువు ఉర్బేన్ గ్రాండియే ప్రముఖులు.

గ్రాండియే 1590లో జన్మించాడు. జెసూట్ల వద్ద విద్యనభ్యసించి, 1617లో లూదన్‌లోని సాఁ పియేర్ దేవాలయానికి గురువుగా వచ్చాడు. ఆయన మంచి వక్త, రూపవంతుడు, విద్వాంసుడు. అహంకారి కూడా. స్త్రీలతో ఆయన సంబంధాలు పట్టణమంతటా చర్చనీయాంశాలు. గురువుల బ్రహ్మచర్య నియమాన్ని ఖండిస్తూ ఒక గ్రంథం రాసి తన వద్దనే దాచుకున్నాడు. 1630లో పొయితియే బిషప్ ఆయనను శీలదోషం నేరం కింద శిక్షించాడు. అయితే గ్రాండియే పై అధికారుల వద్ద అప్పీలు చేసుకోగా, 1631లో బోర్డో ఆర్చిబిషప్ ఆయనను నిర్దోషిగా ప్రకటించాడు. ఈ అప్పీలు సంగతి గుర్తుంచుకోదగినది. మూడేళ్ల తర్వాత ఆయనకు లేకుండా చేసినది సరిగ్గా ఈ అవకాశమే.

మఠంలో అలజడి

ఉర్సులిన్ సన్యాసినులు 1626లో లూదన్‌కు వచ్చి, పట్టణంలోనే ఒక అద్దె ఇంట్లో మఠం నెలకొల్పారు. పట్టణపు బాలికలకు చదువు చెప్పడం వారి వృత్తి. వారిలో అనేకులు కులీన కుటుంబాల కన్యలు. మఠాధ్యక్షురాలు జాన్ దేజాంజ్ 1602లో జన్మించింది. ‘దేవదూతల జాన్’ అని ఆ పేరుకు అర్థం. తమ మఠానికి ఆధ్యాత్మిక మార్గదర్శకుడిగా ఉండవలసిందని ఆమె గ్రాండియేను కోరగా ఆయన నిరాకరించాడు. ఆ స్థానంలోకి ఆయనకు బద్ధశత్రువైన మిన్యోఁ అనే గురువు వచ్చాడు.

1632 వేసవిలో ప్లేగు పట్టణాన్ని అతలాకుతలం చేసింది. ఆ మహమ్మారి తగ్గుముఖం పట్టిన సెప్టెంబరు నెలలో మఠంలో రాత్రివేళ నీడలు కనిపించడం, గొంతులు వినిపించడం, కన్యలు మూర్ఛపోయి గిలగిలలాడడం మొదలయ్యాయి. కొద్ది రోజులలోనే తమను పీడిస్తున్నది గ్రాండియే పంపిన పిశాచాలని వారి నోట మాట వచ్చింది. గ్రాండియే అంతవరకు వారిని ముఖాముఖి చూసి కూడా ఎరుగడు. ఇటువంటి ఆరోపణకు పూర్వోదాహరణ లేకపోలేదు. 1611లో ఎక్స్ నగరంలో ఉర్సులిన్ కన్యల సాక్ష్యంపైనే గోఫ్రిదీ అనే గురువును దహించారు.

విభక్తి తప్పిన పిశాచం

తొలి దశలో స్థానిక న్యాయాధికారులు నిర్వహించిన పాత్ర ప్రశంసనీయం. పట్టణ న్యాయాధిపతి గీయోమ్ ద సెరిజే భూతోచ్చాటన ప్రక్రియలకు హాజరై, చూచినది చూచినట్లుగా నమోదు చేయించాడు. బాధిత కన్యలను ఒకరినుండి మరొకరిని వేరుచేసి, పక్షపాతం లేని వైద్యులచేత పరీక్షింపజేయాలని కోరాడు. మఠం ఇందుకు అంగీకరించలేదు. 1614 నాటి రోమన్ క్రమగ్రంథం ప్రకారం, తెలియని భాషలో మాట్లాడడం పిశాచావేశానికి ఒక గుర్తు. అందుచేత ప్రశ్నలు లాటిన్‌లో అడిగేవారు. నీవు ఎవరిని ఆరాధిస్తావని అడిగినప్పుడు, ద్వితీయా విభక్తిలో రావలసిన క్రీస్తు నామం ప్రథమా విభక్తిలో వచ్చింది. ఈ పిశాచానికి వ్యాకరణం రాదని చూపరులలో ఒకరు వ్యాఖ్యానించినట్లు నాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. దేవదూతల పంక్తినుండి పతనమైన శక్తికి ప్రాథమిక వ్యాకరణం తెలియకపోవడం వారికి నవ్వు తెప్పించినా, అది న్యాయదృష్టిలో విలువైన సాక్ష్యం.

1632 డిసెంబరులో బోర్డో ఆర్చిబిషప్ సూర్దీ స్పష్టమైన నిబంధనలు విధించాడు. కన్యలను విడదీయాలి, వైద్యపరీక్ష జరగాలి, తాను నియమించినవారే ప్రక్రియ నిర్వహించాలి. ఆ ఉత్తర్వు అందగానే పిశాచాలు శాంతించాయి. 1633లో కొన్ని నెలలపాటు లూదన్ దాదాపు ప్రశాంతంగా ఉన్నది. ఒక సమర్థమైన పాలనోత్తర్వు అంతటి అలజడిని అణచగలిగిందంటే, ఆ అలజడి స్వభావమేమిటో ఊహించడం కష్టం కాదు.

కమీషనరు రాక

1633లో కోట కూల్చివేతను పర్యవేక్షించడానికి రాజప్రతినిధిగా లోబార్డెమాన్ లూదన్‌కు వచ్చాడు. ఆయన మఠాధ్యక్షురాలికి బంధువు. పారిస్‌కు తిరిగి వెళ్లి ఆ సంవత్సరం నవంబరు చివర గ్రాండియేపై విచారణ జరిపే ప్రత్యేకాధికారంతో మళ్లీ వచ్చాడు. రిషల్యూను ఎగతాళి చేస్తూ 1627లో వెలువడిన ఒక కరపత్రాన్ని రాసినది గ్రాండియేయేనన్న అనుమానం కూడా ఈ నిర్ణయం వెనుక ఉన్నది. డిసెంబరులో గ్రాండియే నిర్బంధితుడయ్యాడు. సాధారణ న్యాయస్థానాలకు ఈ వ్యవహారంలో జోక్యం లేకుండా చేశారు. పారిస్ పార్లమాఁకు అప్పీలు చేసే దారి మూసుకుపోయింది. ఇరుగుపొరుగు పట్టణాలనుండి ఎంపిక చేసిన న్యాయాధికారులతో ప్రత్యేక ధర్మాసనం ఏర్పడింది.

భూతోచ్చాటన మళ్లీ ప్రారంభమైంది. ఈసారి అది దేవాలయాలలో, వేలాది ప్రేక్షకుల ఎదుట జరిగింది. దూరప్రాంతాలనుండి సైతం జనం వచ్చేవారు. విధివిధానంగా నిర్బంధించినట్లయితే పిశాచం సత్యమే చెప్పి తీరుతుందన్న వాదాన్ని భూతోచ్చాటకులు ముందుకు తెచ్చారు. ఇది కతోలిక సంఘపు సర్వసమ్మత సిద్ధాంతం కాదు. పిశాచం అబద్ధానికి జనకుడన్న సువార్త వాక్యంతో అది పొసగదని అనేకమంది పండితులు భావించారు. సోమ్యూర్ పట్టణ వైద్యుడు మార్క్ డంకన్ 1634లో తన సందేహాలను ప్రచురించాడు. అయినప్పటికీ ధర్మాసనం ఆ వాదాన్నే ఆధారం చేసుకున్నది. పిశాచం సాక్షి అయిన తర్వాత ముద్దాయికి ప్రతివాదన ఎక్కడిది?

1634 జూలై ప్రారంభంలో ఒక ఉత్తర్వు వెలువడింది. మఠకన్యలకు గాని, భూతోచ్చాటకులకు గాని వ్యతిరేకంగా మాట్లాడినవారికి 10,000 లివ్రల జరిమానా అని దాని సారాంశం. ఆ రోజులలోనే విశేషమైన ఘటన మరొకటి జరిగింది. తాము చెప్పినది అబద్ధమని ఇద్దరు ముగ్గురు కన్యలు బహిరంగంగా ఒప్పుకున్నారు. జాన్ దేజాంజ్ స్వయంగా మెడలో తాడు వేసుకుని, నిర్దోషికి అన్యాయం చేశానని ప్రకటించింది. ఆ మాటలు కూడా గ్రాండియేను రక్షించడానికి పిశాచం పన్నిన ఎత్తుగడ అని ధర్మాసనం తోసిపుచ్చింది. ఆరోపణ చేస్తే సత్యం, ఉపసంహరించుకుంటే మాయ.

1634 ఆగస్టు 18న తీర్పు వెలువడింది. ఆ రోజే గ్రాండియే కాళ్లను చిత్రహింస పరికరంలో బిగించి ఎముకలు విరగ్గొట్టారు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు, నేరం ఒప్పుకోలేదు. సాయంత్రం పట్టణ కూడలిలో సజీవదహనం చేశారు. పిశాచాలతో ఆయన చేసుకున్నదని చెప్పిన ఒప్పందపత్రం నేటికీ ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.

చితి ఆరిన తర్వాత

మాంత్రికుడు మరణిస్తే పీడ విరగడ కావలసినది. కాలేదు. కన్యల ఆవేశాలు 1637 వరకు కొనసాగాయి. భూతోచ్చాటకుడు లాక్తాన్స్ ఒక నెలకే మతిచలించి మరణించాడు. 1634 డిసెంబరులో వచ్చిన జెసూట్ గురువు జాఁ జోసెఫ్ సూరిన్ భిన్నమైన మార్గం అనుసరించాడు. కేకలు, ప్రదర్శనలు విడిచి, ప్రార్థనతో, అనునయంతో జాన్‌ను బాగుచేయాలని యత్నించాడు. ఆమెను పీడిస్తున్న శక్తి తనలోకి రావాలని దేవుని వేడుకున్నాడు. ఆమె కోలుకున్నది. ఆయన మాత్రం దాదాపు 20 ఏళ్లపాటు తీవ్రమైన మానసిక వ్యథకు లోనయ్యాడు. 1645లో కిటికీ నుండి దూకి ప్రాణాలతో బయటపడ్డాడు. జాన్ చేతిపై పవిత్ర నామాలు వెలిశాయన్న ప్రచారంతో ఆమె 1638లో ఫ్రాన్సు అంతటా పర్యటించి, రాజదంపతులకూ రిషల్యూకూ దర్శనమిచ్చింది. సూరిన్, జాన్ ఇద్దరూ 1665లోనే కన్నుమూశారు.

తరువాతి కాలం ఈ ఘట్టాన్ని తన తన పరిభాషలో చదువుకున్నది. ప్రొటెస్టెంటు రచయిత నికొలా ఒబాఁ 1693లో దీనిని కుట్రగా వివరించాడు. 1886లో జాన్ ఆత్మకథ ప్రచురితమైనప్పుడు దానికి ముందుమాట రాసినవాడు నాడీవైద్యుడు షార్కో. పిశాచం స్థానంలో హిస్టీరియా వచ్చింది. ఆల్డస్ హక్స్‌లీ 1952లో, మిషెల్ ద సెర్తో 1970లో మరింత సమగ్రమైన పరిశీలనలు వెలువరించారు.

తెరపై మఠం

పోలిష్ రచయిత యారోస్లావ్ ఇవాష్కెవిచ్ జర్మన్ ఆక్రమణ కాలంలో ఈ ఇతివృత్తాన్ని తన దేశపు తూర్పు సరిహద్దులకు తరలించి ఒక పెద్ద కథ రాశాడు. లూదన్ ‘లూదిన్’ అయింది, సూరిన్ ‘సురిన్’ అయ్యాడు. కవలెరోవిచ్, తదేఉష్ కొన్‌వీట్స్కీ కలిసి దానిని చిత్రకథగా మలిచారు. గురువు దహనం పూర్తయిన తర్వాత కథ మొదలవుతుంది. బోడినేల, తెల్లని మఠం, మరొక వైపు సత్రం, దారిలో కాలిన స్తంభం: రంగస్థలం ఇంతే. యెజీ వూయ్‌చిక్ ఛాయాగ్రహణంలో తెలుపు నలుపులు రెండు తత్త్వాలుగా ఎదురెదురు నిలుస్తాయి. మాత యొవన్నాగా లూత్సినా వినీత్స్కా నటించింది. సురిన్ పాత్రనూ, అతడు జ్ఞానం కోసం ఆశ్రయించిన యూదు మతగురువు పాత్రనూ మియెచిస్వావ్ వోయిత్ ఒక్కడే ధరించాడు. చివరకు సురిన్ ఇద్దరు గుర్రాలశాల సేవకులను గొడ్డలితో నరికి, ఆ పాపంతో పిశాచాలను తనలోనే శాశ్వతంగా బంధించుకుని యొవన్నాను విడిపించాననుకుంటాడు. చారిత్రక సూరిన్ చేసిన ప్రార్థన ఇక్కడ హత్యగా పరిణమించింది. పోలండులోని కతోలిక సంఘం చిత్రాన్ని నిరసించింది.

ఇదే ఇతివృత్తంపై పెండెరెట్స్కీ గేయనాటకం 1969లో హాంబర్గ్‌లో ప్రదర్శితమైంది. కెన్ రసెల్ ఆంగ్లచిత్రం ‘ద డెవిల్స్’ 1971లో విడుదలై తీవ్ర వివాదానికి, కత్తిరింపులకు గురైంది. రసెల్ చిత్రంలో సంయమనం తక్కువ. కాని కోటగోడలు, కమీషనరు, గుమిగూడిన జనం అందులో ఉన్నారు. కవలెరోవిచ్ చిత్రంలో మానవ హృదయపు ఏకాంతం ఉన్నది, పట్టణం లేదు. కళగా రెండవది మిన్న, చరిత్రగా మొదటిదే సమీపం.

ఒంటరి మఠం మన దృష్టిని లోపలి రహస్యంపై నిలుపుతుంది. లూదన్ మఠంలో దాగిన రహస్యం స్వల్పం. ప్లేగుతో బెదిరిన మనసులు, వ్యక్తిగత ద్వేషాలు, అణగిన కోరికలు మాత్రమే అక్కడ ఉన్నవి. వాటిని మరణశిక్షగా మార్చినది గోడల వెలుపలి యంత్రాంగం. సెరిజే వద్ద ఉన్న నిబంధనలే లోబార్డెమాన్ వద్దా ఉండేవి. వేరుచేసి విచారించడం, నిపుణుల పరీక్ష, అప్పీలు అనే మూడు సాధారణ రక్షణలను తొలగించడమే ఆయన చేసిన పని. 1682లో పదునాలుగవ లూయీ శాసనం మంత్రవిద్యను ప్రధానంగా మోసంగా పరిగణించేనాటికి గ్రాండియే బూడిదై దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. మన దేశంలోనూ బాణామతి, చేతబడి, డాకినీ ఆరోపణలు ప్రాణాలు తీస్తూనే వచ్చినందున బీహారు 1999లో, ఝార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలు చేయవలసివచ్చింది. పిశాచం ఉన్నదా లేదా అన్న తర్కం ఎటు తేలినా, సాక్ష్యాన్ని పరీక్షించే అధికారి ఒకడు నిలకడగా ఉన్నంతవరకు లూదన్‌లో చితి వెలగలేదు. ఆయన చేతినుండి ఆ కాగితాలు తొలగిన తర్వాతనే వెలిగింది.