అది బాలు గొంతు కాదు

సావనీరు కమిటీ వారు ‘ఏదైనా చరిత్ర రాయండి’ అని అడిగారు. మన బడి గదులు, హెడ్మాస్టర్లు, పదో తరగతి ఫలితాల గురించి నాకన్నా బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను పాటల చరిత్ర రాస్తాను. అందులో నా తప్పు ఒకటుంది, అదీ రాస్తాను.

పోయినసారి మనం కలిసినప్పుడు సాయంత్రం తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ‘ఎల్లువొచ్చి గోదారమ్మ’కు డాన్సు చేశారు. ముందు వరుసలో కూర్చున్న మా బ్యాచీ వాళ్లు ‘మన పాటను పాడుచేసినారు చూడు’ అని సణిగారు. తర్వాత ఒక పాపను ఏ సినిమా పాటమ్మా అని అడిగితే ‘గద్దలకొండ గణేష్ సార్’ అంది. 1982లో ‘దేవత’ కోసం వేటూరి రాసి, చక్రవర్తి బాణీ కట్టి, బాలసుబ్రహ్మణ్యం, సుశీల పాడిన పాట అది. 2019లో మిక్కీ జె. మేయర్ దానికి కొత్త వాయిద్యాలు తొడిగారు. ఆ పాప పుట్టేనాటికి శోభన్‌బాబు సినిమాలు మానేసి ఎన్నేళ్లయిందో! తనకు తెలిసింది తను చెప్పింది.

‘మన పాట’ అన్నాం గానీ, మనం మాత్రం దాన్ని మొదట ఎవరి గొంతులో విన్నాం? నేనైతే తిరునాళ్లలో ఆర్కెస్ట్రావాళ్ల దగ్గర విన్నాను. హార్మోనియం, డోలక్, కాంగో, ఒక గిటారు. ఒక్కోసారి ఒకే మనిషి మగ గొంతూ ఆడ గొంతూ రెండూ పాడేవాడు. జనం ఈలలు వేసేవాళ్లు. సినిమా తర్వాత చూశాను. బాలు గొంతులో విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, ‘ఆ తిరునాళ్ల ఆయన ఇంకొంచెం సాగదీసినాడే’ అనుకున్నాను.

తర్వాత టేపురికార్డర్లు వచ్చాయి. ప్రొద్దుటూరు పోయి, కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టులో ఎక్కించుకొని రావడం మన తరానికి పెద్ద పని. బస్సు చార్జీ పోను మిగిలిన డబ్బుల్ని బట్టి పాటలు కొట్టేసేవాళ్లం. 1988లో అట్లా తెచ్చిన క్యాసెట్టును మా బెంచి మిత్రుడు ఒక్కసారి విని ‘ఒరే, ఇది బాలు గొంతు కాదురా’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా నాయన ఇచ్చిన డబ్బులు పెట్టి తెచ్చుకున్నది, కాదంటే ఎట్లా ఒప్పుకుంటాను? మాటా మాటా పెరిగి పబ్లిక్ పరీక్షల దాకా పలకరింపుల్లేవు. వాడు చెప్పిందే నిజమని నాకు నెల లోపలే తెలిసింది. ఇంకెవరో పాడిన పాటలవి. ఆ మాట వాడితో ఇంతవరకు చెప్పలేదు.

అప్పట్లో దేశమంతా అదే కథ. హిందీలో గుల్షన్ కుమార్ టీ సిరీస్ పాత పాటల్ని కొత్త గాయకులతో పాడించి, క్యాసెట్లు చవగ్గా అమ్మి పెద్దదైంది. సోనూ నిగమ్‌కు మొదట పేరు తెచ్చినవి రఫీ పాటలే. దీనికి చట్టంలో దారి కూడా ఉండింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఒక పాట రికార్డయి రెండేళ్లు దాటితే, నోటీసిచ్చి రాయల్టీ కట్టి దాన్ని మళ్లీ పాడించుకోవచ్చు. 2012 సవరణలో ఆ గడువు ఐదేళ్లయింది. అట్ట మీద ‘కవర్ వెర్షన్’ అని వేయాలి, అసలు పాడినవాళ్ల పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు అనే నియమమూ వచ్చింది. మా బెంచి మిత్రుడి మాట చట్టమెక్కిందన్నమాట.

తెలుగులో పాప్ పాటంటే ముందుగా గుర్తొచ్చే స్మిత, ‘హాయ్ రబ్బా’ లాంటి సొంత పాటలతో పాటు, 1973 నాటి ‘దేవుడు చేసిన మనుషులు’లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన ‘మసక మసక’ను కొత్త బీటుతో పాడింది. కాలేజీ పిల్లలు దానికి ఊగిపోయారు. ఆ పిల్లల్లో ఈశ్వరి పేరు విన్నవాళ్లు ఎంతమందో! తర్వాత సినిమావాళ్లే అందుకున్నారు. ‘ఖైదీ నెం. 786’లోని ‘గువ్వ గోరింకతో’ 2015లో ‘సుబ్రమణ్యం ఫర్ సేల్’కు వచ్చింది. ‘యముడికి మొగుడు’లోని ‘అందం హిందోళం’ 2016లో ‘సుప్రీమ్’కు వచ్చింది. రెండూ 1988 పాటలే, రెండింటికీ సంగీతం రాజ్–కోటి.

మళ్లీ పాడితే పాట చెడిపోతుందని నేననుకోను. అట్లయితే మన తిరునాళ్లలోనే చెడిపోయి ఉండాలి. నాకు మింగుడు పడనిది ఇంకొకటి. హీరో పేరు మిగులుతుంది, సినిమా పేరు మారుతుంది, రాసినాయన, బాణీ కట్టినాయన మాత్రం మాయమవుతారు. ఆర్కెస్ట్రాలో యాంకరు కనీసం ‘చక్రవర్తి గారి సంగీతంలో’ అని చెప్పి మైకు వదిలేవాడు. పాడిందెవరో చెప్పకుండా అమ్మితే ఏమవుతుందో నా క్యాసెట్టే సాక్షి.

అందుకని ఈ స్వర్ణోత్సవం సాయంత్రం పిల్లలు చేయబోయే పాటలన్నిటికీ రాసినవారు, స్వరపరిచినవారు, మొదట పాడినవారి పేర్లతో ఒక చీటీ తయారుచేసి యాంకరింగ్ చేసే టీచరమ్మకు ఇచ్చాను. ఆమె మరిచిపోతే ముందు వరుసలోంచి నేనే అరుస్తాను. నా పక్క కుర్చీ మా బెంచి మిత్రుడిది. ఈసారి వాడికన్నా ముందు నేనే చెప్పాలి.