ఎన్నుకునేది సభ్యులు, నిలబెట్టేది ఎంపీలు: బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ నాయకత్వ నియమాలపై ఒక పరిశీలన

1980ల మొదట్లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఒక పన్ను వివాదాన్ని తేల్చింది. కన్సర్వేటివ్ పార్టీ కేంద్ర కార్యాలయానికి పెట్టుబడుల మీద వచ్చే ఆదాయంపై కార్పొరేషన్ పన్ను వేయవచ్చా అన్నది ప్రశ్న. పార్టీ ఒక సంఘం అయితే వేయవచ్చు. కోర్టు కాదని చెప్పింది. పార్లమెంటులోని ఎంపీలు, కేంద్ర కార్యాలయం, నియోజకవర్గ శాఖల సమాఖ్య ఒకే నాయకుడి కింద పనిచేస్తున్నా, వీటిలోని వాళ్లందరినీ ఒకరికొకరిని బాధ్యులుగా చేసే ఉమ్మడి నియమావళి లేదని తీర్పు. శాఖల సమాఖ్య పుట్టింది 1867లో, కేంద్ర కార్యాలయం 1870లో. వందేళ్లలో ఎన్నోసార్లు దేశాన్ని ఏలిన పార్టీ చట్టం లెక్కలో ఒక సంఘం కూడా కాదన్నమాట.

రాతపూర్వక నియమావళి లేని ఈ పార్టీలో 1965 దాకా నాయకుడి ఎంపికకు ఓటింగే లేదు. 1957లో ప్రధాని ఈడెన్ రాజీనామా చేసినప్పుడు ఇద్దరు పెద్దలు, లార్డ్ సాలిస్‌బరీ, లార్డ్ కిల్‌మ్యూర్, మంత్రుల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి అభిప్రాయం అడిగారు. ఎక్కువమంది మాక్‌మిలన్ పేరు చెప్పారు, రాణి ఆయన్నే పిలిచింది. 1963లో మాక్‌మిలన్ ఆసుపత్రి మంచం మీదనుంచే వారసుడి కోసం ఆరా తీయించాడు. తేలిన పేరు ప్రభువుల సభలో ఉన్న లార్డ్ హోమ్‌ది. ఆయన బిరుదు వదులుకుని కామన్స్‌కు పోటీ చేయాల్సి వచ్చింది. ఇదంతా ఒక ‘మ్యాజిక్ సర్కిల్’ నడిపిన వ్యవహారమని పార్టీ ప్రముఖుల్లో ఒకరైన ఇయాన్ మెక్లియాడ్ 1964 జనవరిలో స్పెక్టేటర్ పత్రికలో బయటపెట్టాడు. సీల్డ్ కవర్ ముఖ్యమంత్రుల్ని చూసిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతిని విడమరిచి చెప్పనక్కర్లేదు.

1964 ఎన్నికల్లో ఓడిపోయాక, 1965 ఫిబ్రవరిలో తొలి నియమాలు వచ్చాయి. ఓటు ఎంపీలకే. మొదటి రౌండులో గెలవాలంటే సగానికి మించిన ఓట్లు చాలవు, రెండో స్థానంలో ఉన్నవారి కంటే పోలైన ఓట్లలో 15 శాతం ఆధిక్యం కూడా ఉండాలి. ఆ జూలైలో హీత్‌కు 150, మాడ్లింగ్‌కు 133, పావెల్‌కు 15 ఓట్లు పడ్డాయి. హీత్‌కు సగం దాటింది కానీ ఆధిక్యం చాలలేదు. మిగతా ఇద్దరూ తప్పుకోవడంతో రెండో రౌండు అవసరం లేకపోయింది.

ఈ నియమాల్లో పెద్ద లోటు, పదవిలో ఉన్న నాయకుణ్ణి సవాలు చేసే వీలు లేకపోవడం. 1974లో రెండు ఎన్నికలు ఓడిన హీత్ దిగనంటే దించే దారి లేదు. మాజీ ప్రధాని హోమ్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి, ఏటా ఎన్నిక జరిపే వీలు కల్పించారు. 15 శాతాన్ని కూడా పోలైన ఓట్ల మీద కాకుండా ఓటు హక్కున్న ఎంపీల మొత్తం మీద లెక్కించాలన్నారు. 1975 ఫిబ్రవరిలో సవాలు చేసిన థాచర్‌కు 130, హీత్‌కు 119 ఓట్లు వచ్చాయి. హీత్ ఆ రోజే తప్పుకున్నాడు.

1990లో ప్రధానిగా ఉన్న థాచర్‌ను కూలదోసింది ఈ 1975 సవరణేనన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇది లెక్క వేసి చూడదగ్గ విషయం. ఆ నవంబరు 20న ఓటు హక్కున్న ఎంపీలు 372 మంది. థాచర్‌కు 204, పోటీకి దిగిన హెసెల్టైన్‌కు 152, ఎవరికీ పడనివి 16. ఆధిక్యం 52. 372లో 15 శాతమంటే 56 కావాలి, నాలుగు తగ్గాయి. పాత నియమమే ఉండి ఉంటే? చెల్లిన 356 ఓట్లలో 15 శాతం 53.4, అంటే 54 కావాలి. అప్పుడూ రెండు తక్కువే. కాబట్టి సవరణ ఆమెను ఓడించిందన్న మాటకు అంకెల మద్దతు లేదు. పైగా నియమం ఆమెను ఓడించలేదు కూడా, రెండో రౌండుకు నెట్టిందంతే. మంత్రులు ఒక్కొక్కరే వచ్చి గెలవలేరని చెప్పాకే ఆమె తప్పుకుంది.

1997లో ఘోరంగా ఓడాక విలియం హేగ్ పార్టీకి తొలి సమగ్ర నియమావళి రాయించాడు. 1998లో అది అమల్లోకి వచ్చింది. ఒక పాలక మండలి, దేశమంతటికీ ఒకే సభ్యత్వం, నాయకుడి ఎన్నికలో సభ్యులకు ఓటు దీనితో వచ్చినవే. ఎంపీలు వడపోసి ఇద్దరిని మిగులుస్తారు, వాళ్లలో ఒకరిని సభ్యులు ఎన్నుకుంటారు. దించే అధికారం మాత్రం ఎంపీల దగ్గరే ఉండిపోయింది. వాళ్లలో 15 శాతం మంది వెనుక బెంచీల ఎంపీల వేదిక అయిన 1922 కమిటీ ఛైర్మన్‌కు లేఖలు రాస్తే విశ్వాస ఓటు జరిగేది. లేఖలెన్ని చేరాయో ఛైర్మన్‌కు తప్ప తెలియదు. నాయకుడు గెలిస్తే ఏడాది పాటు మళ్లీ ఓటు ఉండదు.

ఎక్కించేది ఒకరు, దించేది ఇంకొకరు అయినప్పుడు ఏం జరిగింది? 1998 తర్వాత 2024 దాకా నాయకత్వ ఎంపిక ఎనిమిదిసార్లు జరిగింది. 2003లో హోవర్డ్, 2016లో మే, 2022 అక్టోబరులో సునాక్ విషయంలో సభ్యులదాకా బ్యాలట్ వెళ్లనే లేదు. మిగిలిన ఐదింటిలో 2005, 2019, 2024ల్లో ఎంపీల చివరి రౌండులో మొదటి స్థానంలో నిలిచినవారినే సభ్యులూ ఎన్నుకున్నారు. రెండింటిలో మాత్రం తేడా వచ్చింది. 2001లో ఎంపీలు క్లార్క్‌కు 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కు 54, పోర్టిల్లోకు 53 ఓట్లు వేశారు. సభ్యులు 1,55,933 ఓట్లతో డంకన్ స్మిత్‌ను గెలిపించారు. 2022లో ఎంపీల చివరి రౌండులో సునాక్‌కు 137, ట్రస్‌కు 113. సభ్యులు 57.4 శాతంతో ట్రస్‌ను ఎంచుకున్నారు. డంకన్ స్మిత్ 2003లో 90–75 తేడాతో విశ్వాస ఓటు ఓడాడు. ట్రస్ రెండు నెలలు కూడా నిలవలేదు. ఇద్దరూ సార్వత్రిక ఎన్నికల ముఖం చూడకుండానే వెళ్లిపోయారు.

రెండు ఉదాహరణలతో సూత్రం కట్టకూడదు. ట్రస్ పడిపోవడానికి దగ్గరి కారణం 2022 సెప్టెంబరు 23 నాటి మినీ బడ్జెట్, దాని వెంట మార్కెట్లలో రేగిన అలజడి. ఎంపీల్లో మొదటి స్థానంలో ఉన్న నాయకుడు అదే బడ్జెట్ పెట్టినా నిలిచేవాడు కాదేమో. నేను చెప్పగలిగింది ఇంతవరకే: కష్టం వచ్చినప్పుడు అండగా నిలిచే ఎంపీలు ఆ ఇద్దరికీ మొదటి నుంచీ తక్కువ.

విశ్వాస ఓట్ల అనుభవం కూడా ఎంపీల అండే కీలకమని చూపిస్తోంది. థెరెసా మే 2018 డిసెంబరు 12న 200–117తో గెలిచింది. నియమం ప్రకారం మరో ఏడాది ఆమె జోలికి రాకూడదు, అయినా 2019 మే 24నే రాజీనామా ప్రకటించింది. జాన్సన్ 2022 జూన్ 6న 211–148తో గెలిచి, మంత్రులు మూకుమ్మడిగా రాజీనామా చేయడంతో జూలై 7న దిగిపోతానన్నాడు. పాత నియమాల కాలానికి చెందినదే అయినా ఎదురు ఉదాహరణ ఒకటుంది. 1995లో తనంత తానే పార్టీ నాయకత్వానికి రాజీనామా చేసి మళ్లీ పోటీకి దిగిన ప్రధాని మేజర్, రెడ్‌వుడ్ మీద 218–89తో గెలిచి 1997 ఎన్నికలదాకా కొనసాగాడు.

సభ్యుల ఓటు మీద పార్టీలోనే అనుమానాలు లేకపోలేదు. ఎంపికను తిరిగి ఎంపీల చేతుల్లో పెట్టాలని 2005లో హోవర్డ్ ప్రయత్నిస్తే కావలసిన మూడింట రెండొంతుల మద్దతు రాలేదు. అసలు ఆ సభ్యులు ఎందరన్నదీ తేలిక ప్రశ్న కాదు. 1950ల మొదట్లో 28 లక్షలన్న అంకె ప్రచారంలో ఉన్నా, 1998కి ముందు జాతీయ జాబితా లేదు కాబట్టి దాన్ని అంచనాగానే తీసుకోవాలి. గట్టి ఆధారం నాయకత్వ ఎన్నికల్లో చెల్లిన ఓట్లే: 2001లో 2,56,797, 2024లో 95,194.

2024లో పార్టీకి 121 మంది ఎంపీలే మిగిలారు. పాత 15 శాతం లెక్కన 19 లేఖలతో విశ్వాస ఓటు పెట్టించవచ్చు. ఆ ఏడాదే 1922 కమిటీ ఆ హద్దును మూడింట ఒక వంతుకు పెంచింది, అంటే 41 లేఖలు. ఎంపీల చివరి రౌండులో బేడెనాక్‌కు 42, జెన్‌రిక్‌కు 41, క్లెవర్లీకి 37 ఓట్లు పడ్డాయి. సభ్యులు ఎన్నుకున్న నాయకురాలికి ఆ రౌండులో ఓటేసిన ఎంపీలు మూడింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎన్నుకునే పద్ధతిని అలాగే ఉంచి దించడాన్ని మాత్రం కష్టతరం చేశారు. మే, జాన్సన్‌లను దించింది లేఖల సంఖ్య కానప్పుడు, ఈ మార్పు నాయకులకు పెద్ద రక్షణ ఇస్తుందని ఆధారాలను బట్టి నేను నమ్మలేను.