ప్రోగ్రాము పిలిస్తే ప్రోగ్రాము

నడుస్తున్న ప్రోగ్రాములోంచే మరొక ప్రోగ్రామును పిలవడం నేడెవరూ పట్టించుకోని పని. ఉత్తరంతో వచ్చిన ఫైలును నొక్కితే వర్డ్ తెరుచుకుంటుంది, ఉత్తరమూ అలాగే ఉంటుంది. ఇది మొదటినుంచీ ఉన్న సౌకర్యం కాదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపుదిద్దుకుంటున్న తొలి రోజుల్లో, ఆదేశాలు అందుకునే షెల్, మనమడిగిన ప్రోగ్రామును తన మీదికే తెచ్చుకుని తాను చెరిగిపోయేది. పని ముగిశాక కొత్త షెల్ వచ్చేది. ఆపైన బర్క్‌లీలోని జీనీ వ్యవస్థ నుంచి ‘ఫోర్క్’ ఆలోచన అరువు తెచ్చుకున్నారు. ప్రోగ్రాము తన నకలును తానే సృష్టించుకుంటుంది. నకలు కొత్తదానికి చోటిస్తుంది, అసలుది బతికే ఉంటుంది. ఇందుకు పట్టినది 27 వరుసల అసెంబ్లీ కోడని డెన్నిస్ రిచీయే రాశాడు. ఇరవై ఏడే!

గన్నవరంలో మాకా భాగ్యం లేదు. మేము డాస్ సంతానం. 1983లో వచ్చిన డాస్ 2.0 లోని ‘ఎగ్జెక్’ సేవతో పిల్ల ప్రోగ్రాము నడిచినంతసేపూ తల్లి మెమరీలో చోటు ఆక్రమించి ఊరకే కూర్చునేది. ఉన్నదే 640 కిలోబైట్లు. డీబేస్ త్రీ ప్లస్‌లో ‘రన్’ అన్నప్పుడు మిగిలిన చోటు చాలకపోతే పిల్ల పుట్టేదే కాదు. అయినా శిక్షణాకేంద్రంలో నన్ను ముగ్ధుణ్ణి చేసినది ఆ డీబేసే. దాని కాన్ఫిగ్ ఫైలులో ‘డబ్ల్యూపీ’ అంటూ ఒక్క వరుస చేర్చితే, మెమో నింపేటప్పుడు మనకిష్టమైన ఎడిటరు లేచి వచ్చేది. మూయగానే మళ్ళీ డీబేస్. ఒక కంపెనీ సరుకు మరొక కంపెనీ సరుకుకు ఇంత మర్యాదగా చోటివ్వడం తరువాత అరుదుగా చూశాను.

విండోస్‌లో తల్లి ఆగనక్కరలేదు. ‘షెల్‌ఎగ్జిక్యూట్’ అనే పిలుపుకు ప్రోగ్రాము పేరైనా అక్కరలేదు, ఫైలిస్తే చాలు. ఎవరిని లేపాలో ఫైలు పేరు చివరి అక్షరాలను బట్టి విండోసే తేల్చుకుంటుంది. ముప్పు అక్కడే పొంచి ఉంది. 2000 మే 4న ‘ఐ లవ్ యూ’ ఉత్తరాలు ప్రపంచాన్ని చుట్టాయి. జతచేసిన ఫైలు పేరులో టీఎక్స్‌టీ కనబడేది, దాని వెనుకనున్న వీబీఎస్‌ను విండోస్ మామూలుగా దాచిపెట్టేది. జనం చదవబోయారు, విండోస్ నడిపింది. చదవడానికీ నడపడానికీ ఒకే నొక్కు పెట్టడమే అసలు దోషమని నా అభిప్రాయం.

టపా రాసే పెట్టెలోంచే విమ్‌ను పిలిచే ఫైర్‌ఫాక్స్ పొడిగింతలకు అలవాటుపడిన మిత్రులు 2017 నవంబరులో 57వ వెర్షన్ వచ్చినప్పుడు నొచ్చుకుని ఉంటారు. అప్పటినుంచి పొడిగింత నేరుగా ఏ ప్రోగ్రామునూ లేపలేదు. ఏ పొడిగింత పిలిస్తే పలకాలో తెలిపే పత్రాన్ని ఆ ప్రోగ్రాము తరఫున ముందే కంప్యూటరులో ఉంచాలి.