మూడు గుడ్లకు రెండు పిల్లలు



గుడ్లు పొదిగే మిషను తెచ్చుకున్న సంఘాల్లో ఒకటే మాట వినబడుతుంది. నూరు గుడ్లు పెడితే నలభై పిల్లలే వచ్చాయి, మిగతావి మురిగిపోయాయి, అప్పు వాయిదా మాత్రం ఆగదు అని. మిషను అమ్మినవాళ్లని అడిగితే గుడ్లు మంచివి కాదంటారు. ఈ తగువు ఈనాటిది కాదు. కోడి పెట్ట లేకుండా పిల్లల్ని తీయడం రెండువేల ఏళ్లకు పైబడిన పని.

ఆ పనికి పేరుమోసింది ఈజిప్టు దేశం. అక్కడ మట్టి ఇటుకలతో పెద్ద బట్టీలు కట్టేవాళ్లు. మధ్యలో నడవా, రెండు పక్కలా కింద ఒక గది, పైన ఒక గది. కింద గుడ్లు, పైన పేడ, గడ్డి కలిపిన నిప్పు. థర్మామీటరు లేదు. గుడ్డుని కంటిరెప్పకి ఆనించి వేడి చూసేవాళ్లు. పనివాళ్లు అక్కడే పడుకుని గుడ్లు చేత్తో తిప్పుతూ ఉండేవాళ్లు. సగం రోజులయ్యాక నిప్పు ఆర్పేసేవాళ్లు. ఎందుకంటే లోపల పిల్ల పెరిగేకొద్దీ గుడ్డుకి సొంత వేడి వస్తుంది. ఇది మన మిషనుకీ వర్తిస్తుంది, చివరి వారంలో వేడి దానంతటదే పెరుగుతుంది, చూసుకోకపోతే పిల్లలు పోతాయి. ఈ విద్య బెర్మా అనే ఊరివాళ్ల చేతిలో ఉండేది, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. గుడ్లిచ్చిన వాళ్లకి మూడు గుడ్లకు రెండు పిల్లల లెక్కన ఇచ్చేవాళ్లట. అంటే నూటికి అరవై ఆరు. కరెంటు లేని రోజుల్లో!

ఫ్రాన్సు దేశంలో రియోమర్ అనే శాస్త్రవేత్త ఇది విని తనూ చేసి చూశాడు. 1749లో పుస్తకం కూడా రాశాడు. పీపాలని వేడి పేడలో పాతి గుడ్లు పెడితే పేడ ఆవిరి తగిలి పిల్లలు పెంకులోనే చచ్చాయి. వేడి ఒక్కటే సరిపోదు, తడి ఎక్కువైనా ప్రాణం పోతుందని అలా తెలిసింది. తర్వాత 1879లో అమెరికాలో పెటలూమా ఊళ్లో లైమన్ బైస్ అనే ఆయన వేడి దానంతటదే సర్దుకునే మిషను చేశాడు. మన మిషన్లు ఆ వరసలోవే.

మనకి మిషను ఎందుకు కావలసి వచ్చిందంటే, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా లాంటి కోళ్లు గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగుకి సరిగా కూర్చోవు. నాటుకోడి అయితే ఇరవై ఒక్క రోజులు తనే తిప్పుకుంటుంది, తనే వేడి చూసుకుంటుంది. మేతకి లేచినప్పుడు గుడ్లు కాస్త చల్లారినా ఏమీ కాదు. అందుకే కాసేపు కరెంటు పోతే కంగారు పడక్కర్లేదు. వేడి ఎక్కువైతేనే భయం. మిషనులో 37.5 డిగ్రీలు ఉండాలి. మిషను మీటరుని నమ్మి ఊరుకోకుండా వేరే థర్మామీటరు లోపల పెట్టి చూడాలి.

అమ్మినవాళ్ల మాట నిజమో కాదో గుడ్డే చెబుతుంది. పొదగని గుడ్లు పారేయకుండా పగలగొట్టి చూడండి, వాసనకి ముక్కు మూసుకునైనా సరే. లోపల మామూలు గుడ్డులాగే ఉంటే పుంజు కలవలేదని, పదిపన్నెండు పెట్టలకి ఒక పుంజు లేదేమో. నెత్తురు గీత చుట్టులా కనబడితే మొదటి రోజుల్లోనే పోయింది, గుడ్లు వారం దాటి నిలవ ఉన్నవి కావచ్చు, వేడి తేడా కావచ్చు. పిల్ల పెంకుకి అంటుకుని ఉంటే సరిగా తిప్పలేదు. రోజుకి మూడుసార్లన్నా తిప్పాలి, పద్దెనిమిదో రోజుతో ఆపాలి. పెంకు పొడిచి బయటికి రాలేక చచ్చిపోతే ఆఖరి మూడు రోజులు తడి చాల్లేదు, నీళ్ల గిన్నె ఎండింది, లేదా ఎన్ని పిల్లలొచ్చాయో అని మాటిమాటికీ మూత తీశారు. ఈ ఆఖరిది మన దగ్గర ఎక్కువ.

సంఘం పుస్తకంలో అప్పు పేజీ పక్కనే దీనికి ఒక పేజీ పెట్టుకోవచ్చు. పెట్టిన తేదీ, గుడ్లు ఎన్ని, పిల్లలు ఎన్ని, పగలగొట్టిన వాటిలో ఏ రకం ఎన్ని. మూడు బ్యాచిలు రాస్తే తప్పు పుంజుదో, గుడ్ల నిలవదో, మిషనుదో తేలిపోతుంది. మిషనుదైతే ఆ పేజీ పట్టుకునే అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు.