యజమాని చేతి కాగితం

ఆర్మూరు చుట్టుపట్ల పసుపు పండించే ఊళ్లనుంచి ఎందరో గల్ఫు దేశాలకు పోయారు. పరాయి దేశపు యజమాని మన మనిషిని పనికి పిలిపించుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? ఈ ప్రశ్న పాతదే.

పూర్వం కోస్తా తెలుగువారు వరికోతల కాలానికి ఓడలెక్కి బర్మా వెళ్లేవారు. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే గనుక వలస అనుమతి మాటే లేదు. మేస్త్రీ బయానా ఇస్తే చాలు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతడు చెప్పినట్టు వినవలసిందే.

మలయా సంగతి వేరు. అక్కడి రబ్బరుతోట దొర తన కంగాణీ పేర, ఇంతమందిని తెస్తాడని లైసెన్సు తీసుకోవాలి. ఆ కాగితంతో కంగాణీ మద్రాసు ఇలాకాకు వచ్చి, కుదిర్చిన కూలీలను గ్రామ మునసబుకు చూపాలి. మునసబు విచారణ ఎంతమాత్రముండేదో మీకు చెప్పాలా! 1922 చట్టంతో, ప్రభుత్వం ప్రకటించిన దేశాలకే కూలీలను పంపాలన్నారు. 1938లో మలయాకు పంపడమే ఆపారు.

గల్ఫు వలసలకు 1983 చట్టం వచ్చింది. దాని ప్రకారం యజమాని డిమాండు లెటరు, ముక్తారునామా, జీతం షరతులు రాసిన ఒప్పందం పంపాలి. ఇక్కడి ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉండాలి. విజిట్ వీసా మీద పనికి పంపుతానని ఊళ్లోకి వచ్చేవాడి సంచిలో ఈ కాగితాలేవీ ఉండవు.