మంచు లేని ఊరికి స్కేట్ల చరిత్ర

నాయుడుపేట వాళ్లకు ఐసు అంటే సోడాబండి మీదా, చేపల పెట్టెల్లోనూ కనిపించేదే. స్వర్ణముఖి వేసవిలో ఎండుతుంది గాని ఏ కాలంలోనూ గడ్డకట్టదు. అయినా ఐస్ హాకీ సామాను చరిత్రకు ఈ తీరంతో ఒక చిన్న లంకె ఉంది. ఊరు దాటి చెన్నై హైవే పట్టుకుని దక్షిణంగా వెళ్తే తడ మండలం మాంబట్టు వస్తుంది. అక్కడి అపాచీ ఫుట్‌వేర్ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. ఆ అడిడాస్ 2006లో రీబాక్‌ను కొన్నప్పుడు సీసీఎం అనే పాత కెనడా ఐస్ హాకీ బ్రాండు కూడా దాని చేతికొచ్చింది. 2017లో దాన్ని అమ్మేసింది. మాంబట్టులో ఐస్ స్కేట్లు కుట్టారని చెప్పడం కాదిది. చెప్పుల కంపెనీకీ స్కేట్ల కంపెనీకీ చుట్టరికం ఎందుకు కుదిరిందన్నదే చూడాల్సిన సంగతి. స్కేటు ముందు బూటు, ఆ తర్వాతే బ్లేడు. ఇది తలకెక్కడానికి మనుషులకు వేల ఏళ్లు పట్టింది.

ఉత్తర ఐరోపా తవ్వకాల్లో బయటపడ్డ అతి పాత స్కేట్లు గుర్రాల, పశువుల కాలి ఎముకలు. అడుగుభాగం చదునుగా అరగదీసి, తోలుతాడుతో పాదానికి కట్టుకునేవారు. ఎముకకు పదునైన అంచు ఉండదు కాబట్టి కాలితో తోసుకోవడం కుదరదు. పులికాట్ సరస్సులో పడవను గెడవేసి తోసినట్టు, చేతిలో కర్రతో మంచును పొడుస్తూ ముందుకు జారేవారు. మధ్యయుగాల్లో హాలెండ్ వాళ్లు చెక్కపీటకు ఇనుప బ్లేడు బిగించారు. బ్లేడు అంచు మంచును కరుచుకుంటుంది, దాంతో కర్ర అక్కర్లేకపోయింది. అయితే ఆ చెక్కపీటను మామూలు బూటుకే పట్టీలతో కట్టేవారు. పట్టీ వదులైతే చీలమండ పక్కకు వాలిపోయేది.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చెక్క పోయి ఉక్కు వచ్చింది. కెనడాలోని నోవా స్కోషియాలో స్టార్ కంపెనీ చేసిన స్కేట్లకు పట్టీలుండవు. ఒక్క మీట నొక్కితే బూటు అడుగును గట్టిగా పట్టుకుంటాయి. 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా రింకులో కప్పు కింద తొలి ఐస్ హాకీ ఆట జరిగింది. ఆట ఊపందుకునేసరికి బూటు బలహీనత బయటపడింది. ఎంత మంచి బ్లేడైనా వీధిలో తొడుక్కునే బూటుకు బిగిస్తే, గట్టిగా మలుపు తిరిగినప్పుడల్లా బూటే ఓడిపోయేది.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు ఇంజనీరు కాదు, చెప్పులు కుట్టేవాడు. మానిటోబా రాష్ట్రం బ్రాండన్‌లో జార్జ్ టాకబెర్రీ అనే ఆయన ఉండేవాడు. పక్కనే ఉండే జో హాల్ అనే హాకీ ఆటగాడు, తన బూట్లు ఒక్క సీజను కూడా ఆగడం లేదని మొరపెట్టుకున్నాడు. 1905 ప్రాంతంలో టాకబెర్రీ కంగారూ తోలుతో, మడమా వేళ్ల ముందుభాగమూ గట్టిపరిచి, పాదానికి అతికినట్టుండే బూటు కుట్టిచ్చాడు. ఆ నోటా ఈ నోటా కబురు పాకి ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఆయన పోయాక 1937లో సీసీఎం ఆ బూటు హక్కులు కొనుక్కుంది. ఇవాళ్టికీ ఆ కంపెనీ అమ్మే 'టాక్స్' స్కేట్లకు ఆ పేరు ఆయన ఇంటిపేరులోంచి వచ్చిందే.

ఒంటి రక్షణ కథ మాత్రం దెబ్బ వెనక దెబ్బగా నడిచింది. దెబ్బ తగిలాకే తొడుగు, అదీ బోలెడు గొణుగుడు తర్వాత. 1896 ఫిబ్రవరి 14న స్టాన్లీ కప్ ఆటలో విన్నిపెగ్ గోలీ (గోలు కాచే ఆటగాడు) వైటీ మెరిట్ క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని దిగాడు. తర్వాతి రోజుల్లో హామిల్టన్‌లో పాప్ కెనెస్కీ అనే జీను కుట్టే పనివాడు గుర్రపు జీనులకు వాడే తోలులో తెల్లబూరుగు దూది కూరి వెడల్పాటి గోలీ ప్యాడ్లు చేశాడు. మన ఇళ్లలో దిండ్లకు, పరుపులకు పట్టించే ఆ దూదే దశాబ్దాల పాటు గోలీల కాళ్లను కాపాడిందంటే చిత్రమే. చెమటా మంచునీళ్లూ పీల్చుకున్నాక ఆ ప్యాడ్లు ఎంత బరువెక్కేవో, ఆట చివర్లో గోలీల నడకే చెప్పేది.

ముఖం సంగతి మరీ మొండి కథ. 1927లో క్వీన్స్ విశ్వవిద్యాలయపు గోలీ ఎలిజబెత్ గ్రాహం కత్తిసాములో వాడే ముసుగు తొడుక్కుని ఆడింది. 1930లో క్లింట్ బెనెడిక్ట్ తోలు ముసుగు పెట్టుకున్నాడు, కొద్ది ఆటలకే వదిలేశాడు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు కెనడా, అమెరికా జట్లాడే పెద్ద లీగులో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ముసుగు పెట్టుకుంటే భయస్తుడని చెప్పుకుంటారన్న పరువు భయం! 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ల) మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖం చీల్చింది. కుట్లు వేయించుకొచ్చిన ప్లాంట్, సాధనలో వాడుకునే ఫైబర్‌గ్లాస్ ముసుగు ఇస్తేనే మంచు మీదికి దిగుతానని పట్టుబట్టాడు. కోచ్ టో బ్లేక్‌కు అది బొత్తిగా ఇష్టం లేదు, కానీ జట్టులో మరో గోలీ లేడు. ఆ రాత్రి మాంట్రియల్ 3-1తో గెలిచింది. ముసుగు వేసుకుంటే ఆట పాడవుతుందన్న వాదన అక్కడి నుంచి నీరసపడుతూ వచ్చింది.

హెల్మెట్ విషయంలో ఒక ప్రాణమే పోవాల్సి వచ్చింది. 1968 జనవరిలో మిన్నెసోటా ఆటగాడు బిల్ మాస్టర్టన్ వెల్లకిలా పడి, తల మంచుకు కొట్టుకుని, రెండు రోజులకు చనిపోయాడు. అప్పటికీ ఆ లీగులో నియమం రాలేదు. ఇంకో పదకొండేళ్లకు, 1979లో, కొత్తగా చేరేవాళ్లకు మాత్రం హెల్మెట్ తప్పనిసరి అన్నారు. పాతవాళ్ల ఇష్టం వాళ్లకే వదిలేశారు. అలా ఉత్త తలతో ఆడిన చివరివాడు క్రెయిగ్ మాక్‌టావిష్ 1997లో గానీ తప్పుకోలేదు. మెడ కథ ఇంకా పచ్చిగానే ఉంది. 1989లో గోలీ క్లింట్ మలార్చుక్ మెడను స్కేటు బ్లేడు కోసేసింది, అదృష్టం కొద్దీ బతికాడు. 2023 అక్టోబరు 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడమ్ జాన్సన్ బతకలేదు. ఆ తర్వాతే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నిట్లో మెడపట్టీని తప్పనిసరి చేసింది. రెండు ప్రమాదాల మధ్య ముప్పై నాలుగేళ్లు గడిచాయి.

మన దేశానికొస్తే సిమ్లాలో 1920 నుంచీ సహజమైన మంచు మీద స్కేటింగ్ రింకు ఉంది. ఐస్ హాకీ నిజంగా వేళ్లూనింది మాత్రం లద్దాఖ్‌లో. గడ్డకట్టిన చెరువుల మీద సైనికులూ స్థానిక కుర్రాళ్లూ ఆడుకునే రోజుల్లో బ్లేడ్లు కొనడానికి దుకాణాలు లేవు. ఇనుప పట్టీలను సానబట్టి మిలిటరీ బూట్ల అడుగున బిగించుకున్నారు. గోలీలు క్రికెట్ ప్యాడ్లు కట్టుకున్నారు. విన్నిపెగ్ గోలీ 1896లో పట్టిన దారినే, ఎవరూ చెప్పకుండానే, లేహ్ కూడా పట్టిందన్నమాట. మహిళల జట్టు 2016లో తొలిసారి అంతర్జాతీయ పోటీకి తైపే వెళ్లడానికి జనం ఇచ్చిన చందాలే ఆధారం. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి తొలి గెలుపు దక్కించుకున్నారు. 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు.

తెలుగువాళ్లకు మాత్రం స్కేటు అంటే చక్రాలే. అదీ చిన్న చరిత్రేం కాదు. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ నాలుగు చక్రాల స్కేటును ఒంపు తిరిగేలా మలిచాడు. ఇక 1980 ప్రాంతంలో మిన్నెసోటా ఐస్ హాకీ ఆటగాడు స్కాట్ ఓల్సన్, వేసవిలో మంచు దొరకనప్పుడు సాధన ఎలాగా అని వెతుక్కుంటూ, చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే స్కేటును పట్టుకుని మెరుగుపరిచాడు. రోలర్‌బ్లేడ్ కంపెనీ అక్కడే పుట్టింది. అంటే వరస చక్రాల స్కేటు పుట్టిందే మంచు లేని రోజుల కోసం. మన తీరంలో ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులూ అలాంటివే!

హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. నాయుడుపేటకు హైదరాబాద్ కన్నా దగ్గరైన చెన్నై, ఈ ఆటకు పెద్ద బడి. అక్కడి ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025 సెప్టెంబరులో చైనాలోని బైదైహెలో చక్రాల మీద వెయ్యి మీటర్ల స్పీడ్ స్కేటింగ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. భారతీయుడెవరూ అంతకుముందు ఆ మెట్టు ఎక్కలేదు. చక్రాల నుంచి మంచుకు మారినవాళ్లూ ఉన్నారు. తెలంగాణకు చెందిన నయనశ్రీ తాళ్లూరి ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ మీద స్వర్ణాలు గెలిచింది. రోలర్ హాకీ, ఇన్‌లైన్ హాకీ జాతీయ పోటీల్లో ఉన్నాయి. ఐస్ హాకీకి వేసుకునే మోకాలి ప్యాడ్లు, చేతి తొడుగులు, హెల్మెట్ దాదాపు అవే వాటికీ పనికొస్తాయి.

కాబట్టి నాయుడుపేటలో పిల్లవాడికి స్కేట్లు కొనే తండ్రికి ఈ చరిత్రంతా పనికొచ్చేదే. అసలు తప్పు జరిగేది దుకాణంలోనే. బడి బూట్లు కొన్నట్టు, పైయేటికి కూడా వస్తాయని రెండు సైజులు పెద్దవి తీసుకుంటారు. టాకబెర్రీ నూట ఇరవై ఏళ్ల కింద తీర్చిన చిక్కును డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడమే ఇది. హాకీ స్కేటు సాధారణంగా మామూలు బూటు కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నదే సరిపోతుంది. ఆటలో వేసుకునే పల్చటి మేజోడుతోనే తొడిగి చూడాలి. లేసులు వదిలేసి వేళ్లు ముందుకు ఆనించినప్పుడు మడమ వెనక ఒక్క వేలు దూరితే చాలు. తర్వాత మడమను నేలకు తట్టి వెనక్కి కూర్చోబెట్టి, లేసులు బిగించి నిలబడాలి. నిటారుగా ఉన్నప్పుడు బొటనవేలు ముందు గోడకు తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్లు వంచగానే వెనక్కి జరగాలి. మడమ పైకి లేస్తే ఆ జత వద్దు. దుకాణదారు ఎంత నచ్చజెప్పినా సరే, లేసు బిగిస్తే సర్దుకుంటుందన్న మాట నమ్మకూడదు.

హెల్మెట్ కనుబొమ్మలకు ఒకటి, రెండు వేళ్ల పైన కూర్చోవాలి. తల ఊపితే అది తలతోపాటే కదలాలి. మోకాలినీ ముంగాలినీ కప్పే హాకీ ప్యాడు గిన్నె సరిగ్గా మోకాలి చిప్ప మీద పడాలి. దాని కింది అంచుకూ స్కేటుకూ మధ్య కాలు కనిపించకూడదు. మోచేతి తొడుగుకూ చేతి తొడుగుకూ మధ్య కూడా అంతే. కర్ర దెబ్బ తగిలేది సరిగ్గా ఆ సందులోనే.

కొన్నాక చూసుకోవడం ఈ తీరంలో ఇంకో పని. ఎక్కడికైనా ఐస్ రింకుకు వెళ్లి ఆడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఐస్ బ్లేడు అడుగు చదునుగా ఉండదు. మధ్యలో సన్నటి గాడి తోలి, రెండు పక్కలా రెండు అంచులు నిలుపుతారు. ఆ గాడి వంపు వ్యాసార్థం చాలామందికి అరంగుళం. గాడి లోతైతే మలుపులో పట్టు ఎక్కువ, జారుడు తక్కువ. కత్తులకు సానపట్టే చోట ఇచ్చామంటే ఆ గాడి కాస్తా చదునైపోతుంది. ఉప్పుగాలి, ఉక్క ఉన్న చోట ఆట కాగానే బ్లేడు తుడిచి, గుడ్డ తొడుగు వేయాలి. గట్టి ప్లాస్టిక్ తొడుగులు నడవడానికే. వాటిలో తడి నిలిచి రాత్రికే తుప్పు పుడుతుంది.

చక్రాల స్కేట్లకు బేరింగులే ప్రాణం. చాలావాటిలో వాడేది 608 సైజు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22. చిన్న మోటార్ల రిపేరు కొట్లలోనూ దొరికే మామూలు రకమే. ఇసుక దూరి గరగర మంటే విప్పి కిరసనాయిలులో కడిగి, పూర్తిగా ఆరాక ఒకటి రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేస్తే చాలు. చక్రాలు లోపలి వైపు ముందు అరుగుతాయి. అరుగుదల కనిపించగానే తిప్పి, ముందువీ వెనకవీ మార్చి బిగిస్తే ఎక్కువ కాలం వస్తాయి. ప్యాడ్లు, బూట్లు సంచిలో మూసిపెట్టకుండా ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. మే నెల ఎండలో ఆరుబయట పడేస్తే జిగురు ఊడి బూటు నోరు తెరుస్తుంది.

కొత్తవి కొనే స్తోమత లేనివాళ్లు వాడిన స్కేట్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. చీలమండ దగ్గర బూటు మెత్తబడలేదని నొక్కి చూసుకుంటే చాలు. వాడిన హెల్మెట్ మాత్రం కొనవద్దు. లోపలి నురుగు ఎన్ని దెబ్బలు తిన్నదో పైకి చూసి ఎవరూ చెప్పలేరు.