కాగిన అంబాసిడర్ ముచ్చట

ఇంకో కట్టె ఎయ్యి బిడ్డా, చెప్త. గప్పట్ల కారంటే అంబాసిడరే. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాల తయారయ్యేది. 1950లల్ల మొదలువెట్టి 2014 దాకా చేసిండ్రు. నేను కిరాయికి తోలింది పెట్రోల్ బండి, 1489 సీసీ ఇంజను. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోవాలంటే మన్ననూరు దాటినంక అంతా నల్లమల అడవి, కృష్ణ దాటినంక మళ్ల ఘాటు ఎక్కాలె. ఎండకాలం ఆ ఎక్కుడుల ఎన్నో బండ్లు బానెట్లు లేపుకొని ఆవిర్లు కక్కేవి.

జనం ఏం జేసేటోళ్లు? ఇన్ని నీళ్లు పోసి, జర సల్లబడంగనే మళ్ల తోలేటోళ్లు. నాకది అస్సలు నచ్చకపోయేది. నీళ్లు పోస్తే రోగం పోదు గద. మా ఉస్తాదు మొదలు ఒక్కటే అడిగేటోడు: “నిలబడ్డప్పుడు కాగుతుందా, ఉరికేటప్పుడు కాగుతుందా?”

రైలు గేటు కాడ నిలబడితే కాగి, రోడ్డెక్కి ఉరికితే వేడి చూపెట్టే ముల్లు దిగిందనుకో, గాలి సాలనట్టు. ఫ్యాన్ బెల్టు చూడాలె. ఆ బండిల ఫ్యానును, నీళ్ల పంపును, డైనమోను తిప్పేది ఒక్క బెల్టే. అది తెగితే ముందుగాల డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఎలుగుతది, ఎనుకనే ముల్లు ఎక్కుతది. లైటు చూసి ఎంబడే ఆపినోని ఇంజను బతికేది.

ఉరికేటప్పుడే కాగుతుందంటే నీళ్లు సరిగ తిరుగుతలేవన్నట్టు. మన దిక్కు బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ. ఏండ్లకేండ్లు అవే పోస్తే రేడియేటర్ గొట్టాలల్ల పెచ్చు కడుతది. ఇంజను బందు జేసి, ఫ్యాను ఆగినంక పైపైన చెయ్యి ఆనిచ్చి చూస్తే, ఎచ్చటి రేడియేటర్ మీద అక్కడక్కడ సల్లగ తగులుతది. ఆడ మూసుకపోయినట్టే. మా ఉస్తాదు వాననీళ్లు డ్రమ్ములల్ల పట్టి అవే పోసేటోడు.

థర్మోస్టాట్ మీద అనుమానమొస్తే ఇప్పి, తాడు కట్టి గిన్నెల నీళ్లల్ల ఏలాడదీసి కాగబెట్టేది. నీళ్లు మసిలేలోపు అది నోరు తెరవాలె. తెరవకుంటే కొత్తది ఎయ్యాలె. కొందరు దాన్ని పీకి ఉత్తగ వదిలేసేటోళ్లు. అట్లజేస్తే చలికాలం పొద్దుగాల ఇంజను ఎచ్చగాక పెట్రోలు దండుగైతది.

అన్నిట్ల చెడ్డది హెడ్ గ్యాస్కెట్ పోవుడు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నల్లటి నూనె మజ్జిగ లెక్క తెల్లగైతది. సల్లటి ఇంజను మీద మూత తీసి స్టార్టు జేస్తే, రేడియేటర్ల బుడగలు ఆగకుండ వస్తయి. అప్పుడిగ బండి ఒక్కడుగు కదిలియ్యొద్దు, హెడ్ దించుడే.

మీ నాయిన పాత బండి మళ్ల బయటికి తీస్తా అంటుండు. తియ్యనియ్యి, సంతోషమే. గని కాగిన రేడియేటర్ మూత ఎవ్వరు ముట్టొద్దు. లోపల ఒత్తిడికి నీళ్లు వంద డిగ్రీలు దాటి ఉంటయి, మూత వదులుకాంగనే ముఖం మీదికి ఎగదన్నుతయి. ఆ తొందరల ముఖం కాలినోళ్లను నేను కండ్లార చూసిన. ఇంజను పూర్తిగ సల్లారేదాక ఆగుండ్రి. తర్వాత గూడ మందపాటి గుడ్డ ఏసి, కొద్దికొద్దిగ తిప్పుండ్రి.